ఆయుర్వేదాన్ని ఆకలితో మొదలుపెట్టండి

ఆయుర్వేదం మీద ఆసక్తి కలిగినవారిలో చాలామంది ముందుగా చేసే పని అశ్వగంధ చూర్ణమో, త్రిఫల చూర్ణమో కొనుక్కోవడం. ఈ శాస్త్రం మాత్రం మందు కంటే ముందు మనిషిని చూడమంటుంది. మనిషిలోనూ ముందుగా అతని జఠరాగ్నిని, అంటే తిన్నదాన్ని అరిగించుకునే శక్తిని గమనించమంటుంది. వాత, పిత్త, కఫాల గురించి అందరూ వినే ఉంటారు. కదలికకు వాతం, అరుగుదలకూ వేడికీ పిత్తం, నిలకడకూ స్నిగ్ధతకూ కఫం ఆధారమని ప్రస్తుతానికి తెలిస్తే చాలు. మీది ఏ ప్రకృతో, అంటే ఈ మూడింటిలో ఏది ఎక్కువగా ఉన్న శరీర తత్వమో, మీరే తేల్చుకోవాలని తొందరపడనక్కర్లేదు. అది వైద్యుడు మిమ్మల్ని పరీక్షించి నిర్ణయించవలసిన విషయం.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, రెండు వారాల పాటు ఏ పూట ఎన్ని గంటలకు తిన్నారో, మళ్లీ ఆకలి ఎప్పుడు వేసిందో రాసుకోండి. త్రేన్పు పులుపూ వాసనా లేకుండా రావడం, మలమూత్రాలు సాఫీగా వెళ్లడం, ఒళ్లు తేలికపడటం, ఉత్సాహం కలగడం, ఆకలిదప్పులు తిరిగి పుట్టడం అన్నవి తిన్నది జీర్ణమైందనడానికి పూర్వులు చెప్పిన గుర్తులు. ఒకనాడు బాగా ఆకలి వేసి మరునాడు అసలు వేయకపోతే దాన్ని విషమాగ్ని అంటారు, అది వాతానికి సంబంధించినది. తిన్న కాసేపటికే మంటతో కూడిన ఆకలి వేస్తుంటే తీక్ష్ణాగ్ని, అది పిత్తానిది. మధ్యాహ్నం తిన్నది రాత్రికి కూడా బరువుగానే ఉంటే మందాగ్ని, అది కఫానిది. ఏ ఇబ్బందీ లేకుండా వేళకు అరిగితే సమాగ్ని.

ఆ తరువాత పరిమాణం సంగతి. కడుపును నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు అన్నంతోనూ, ఒక భాగం ద్రవంతోనూ నింపి, నాలుగోది వాయువు సంచారానికి ఖాళీగా వదలాలని ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు తన అష్టాంగ హృదయం అనే గ్రంథంలో చెప్పాడు. మందాగ్ని ఉన్నవారు మొదటి ముద్దలో చిటికెడు శొంఠిపొడి, కాస్త నెయ్యి కలుపుకోవచ్చు. మన ఇళ్లలో బాలింతకు పెట్టే తొలి ముద్ద ఇదే. కడుపులో మంట ఉన్నవారికి ఇది పనికిరాదు. ఒకరికి మేలు చేసిన శొంఠి పక్కవారికి హాని చేయగలదన్న ఈ ఎరుకే ఆయుర్వేదానికి ప్రాణమని నేను నమ్ముతాను.

దినచర్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అభ్యంగనం. పండుగనాటి తలంటుగా మనకు మిగిలిన దీన్ని శాస్త్రం నిత్యమూ చేయమంది. వారానికి ఒకటి రెండు సార్లతో మొదలుపెట్టవచ్చు. నువ్వుల నూనెను చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచితే రెండు మూడు నిమిషాల్లో గోరువెచ్చనవుతుంది. నేరుగా పొయ్యి మీద పెట్టకండి. ముందు మాడుకు, చెవుల వెనుక, అరికాళ్లకు పట్టించండి, ఎందుకంటే తల, చెవులు, పాదాల మీద ప్రత్యేక శ్రద్ధ ఉండాలని అష్టాంగ హృదయం చెబుతోంది. చేతులకూ కాళ్లకూ నిలువుగా, కీళ్ల చుట్టూ గుండ్రంగా రుద్ది, పావుగంట ఆగి, సున్నిపిండితో నలుగు పెట్టుకుని వేడినీళ్ల స్నానం చేయండి. నూనె కాళ్లతో స్నానాలగదిలో జారిపడే ప్రమాదం ఉంది కనుక పెద్దలకు తోడు ఉండాలి. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్న రోజున అభ్యంగనం చేయకూడదు.

ఇంతవరకూ ఆరోగ్యవంతులు ఎవరికి వారు చేసుకోదగినవి. రోగానికి మందు కావాలంటే బి.ఏ.ఎం.ఎస్. చదివి, ప్రభుత్వ మండలిలో నమోదైన వైద్యుని దగ్గరకే వెళ్లాలి; నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిసిన పట్టా అది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విజయవాడలోనూ, వరంగల్‌లోనూ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలు ఉన్నాయి. పాదరసం, సీసం వంటి లోహాలతో చేసిన భస్మాలను సొంతంగా వాడకండి. లేబుల్ లేని పొట్లాల్లో ఇచ్చే మందును, అందులో ఏమున్నదో చెప్పనివారి దగ్గర అసలే తీసుకోకండి. మొక్క మందు కాబట్టి హాని లేదనుకోవడమూ పొరపాటే: అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది. అందువల్ల బీపీకో, షుగరుకో మీరు వేసుకుంటున్న మాత్రల చీటీని, ఆ రెండు వారాల నోటుపుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి వైద్యుని ముందు పెట్టండి. ఆయన చెప్పకుండా పాత మాత్రలేవీ మానకండి.