బాలింతకు తోడుగా వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

చుట్టం వస్తే కాఫీ పెట్టాలి. తోడుగా వచ్చిన మనిషికి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టే అవసరం రాకూడదు. కాబట్టి ఫోన్ చేసి వెళ్లండి, వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, అరగంటకు లేవండి. జలుబు చేస్తే ఆ రోజు వెళ్లడం మానేయండి.

అసలు జాగ్రత్త నోటితో. మొదట్లో నేనే తప్పు చేశాను. ఎనిమిదో నెలలోనే కాన్పయి, పాప ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్న ఒకమ్మాయి పక్కన కూర్చుని "పోనీలే, పాప బతికింది, అది చాలు" అన్నాను. ఆమె తలూపింది. చేతిలో పాలు పిండుకునే సీసా, అడుగున రెండు చుక్కలు. ఆ తర్వాత వారం దాకా నా ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు "పోనీలే", "చాలు", "మా రోజుల్లో అయితే" ఈ మూడింటినీ చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలేస్తున్నాను. బిడ్డ పోయిన ఇంట్లో "మళ్లీ పుడతార్లే" కూడా అంతే.

అత్తగారు ఎదురుగా ఉంటే "ఎలా ఉన్నావమ్మా?" అన్నదానికి "బాగానే ఉన్నానక్కా" అనే జవాబే వస్తుంది. పొత్తిగుడ్డలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లినప్పుడు అడగండి: "పాప పడుకున్నాకైనా నీకు నిద్ర పడుతోందా?" పట్టడం లేదంటే చెవి పెట్టి వినాల్సిందే. కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పంపాలి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల పట్టిక ఉంది, 1987 నుంచి వాడుతున్నారు. అయితే దానితో జబ్బు తేల్చడం మన పని కాదు.

అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు, అలా జరగదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పండి, మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులుండవు.

నిద్ర లేకుండా తిరుగుతూ, ఎవరో పిలుస్తున్నారంటూ, బిడ్డ తనది కాదంటూ మాట్లాడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే జబ్బిది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటే వాదన పెట్టుకోకండి. తాయెత్తు కట్టుకోనివ్వండి, బండి మాత్రం కదలాలి.

గర్భిణికి తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, రక్తం కనిపించినా, కడుపులో బిడ్డ కదలికలు తగ్గినా ఓదార్పు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

మందుల పేర్లు చెప్పకండి, అప్పు ఇవ్వకండి. ఏ టైం దాకా ఫోన్ ఎత్తగలరో మొదటి రోజే చెప్పేయండి. విన్నది వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు, పేరు తీసేసినా సరే, ఊళ్లో ఎవరో ఇట్టే పోల్చుకుంటారు. కానీ అన్నీ కడుపులో దాచుకుంటే మన నిద్ర పోతుంది. నేనైతే ఇంటికొచ్చాక ఇలా తోడుగా వెళ్లే మా టీమ్ పెద్దక్కకు ఫోన్ చేసి, ఎవరిల్లో చెప్పకుండా నా టెన్షన్ ఒక్కటే చెప్పుకుని, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాను.