గవ్వతో అంకెల ఆట: ఒకటో తరగతిలో ఆడించే పద్ధతి

ఆట అనగానే పిల్లలకు హుషారు వస్తుంది. అయితే ఆ హుషారు వల్ల లెక్క కూడా అర్థం కావాలంటే, నేర్పదలచిన విషయం ఆటలోని ప్రతి కదలికలోనూ ఉండాలి. 2008లో అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు పేద కుటుంబాల చిన్నపిల్లలచేత ఒకటి నుంచి పది వరకు గళ్లున్న పటంపై రెండు వారాల్లో నాలుగుసార్లు ఆడించారు. వారికి అంకెలను గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం బాగా వచ్చాయి. తొమ్మిది వారాల తరువాత చూసినా ఆ ప్రగతి నిలిచే ఉంది. అంకెలకు బదులు రంగులున్న పటంపై అదే ఆట ఆడిన పిల్లలలో ఆ మార్పు కనిపించలేదు.

మన తరగతిలో దీనికి ఖర్చేమీ ఉండదు. నేలమీద సుద్దముక్కతో ఒకే వరుసలో పది సమానమైన గళ్లు గీసి, ఎడమ నుంచి కుడికి అంకెలు వేయండి. వైకుంఠపాళిలా మెలికలు తిప్పవద్దు. అంకె పెరిగేకొద్దీ దూరమూ పెరుగుతుందని కంటికి కనిపించడమే ఇక్కడ ముఖ్యం. పావులుగా రెండు చింతగింజలు, పందెం వేయడానికి ఒక గవ్వ చాలు: వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే రెండు. ఇద్దరికొక పటం ఉండాలి. తరగతికంతా ఒకే పటమైతే పిల్లల సమయమంతా వంతు కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోతుంది.

అసలు మెలకువ గింజను జరిపేటప్పుడు ఉంది. మూడో గడిలో ఉన్న పాపకు రెండు పడితే, ఆమె "ఒకటి, రెండు" అంటూ జరుపుతుంది. అలా కాక, వేలితో ఒక్కో గడిని తాకుతూ "నాలుగు, ఐదు" అనాలి. తడబడితే జవాబు అందించకుండా, "నీ గింజ ఏ అంకె మీద ఉందమ్మా? దాని తరువాత ఏమొస్తుంది?" అని అడగండి. 2014లో లాస్కీ, సీగ్లర్ వంద గళ్ల పటంతో పరీక్షించినప్పుడు కూడా, ఇలా పావు ఉన్న అంకె నుంచి ముందుకు లెక్కించిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు.

గెలిచినవారికి బహుమతి ఇస్తామని ముందుగా చెప్పకండి. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లలకు బహుమతి ఆశ చూపి వేయిస్తే, తరువాత తమంతట తాము ఆ పని చేయడం తగ్గిందని 1973లోనే ఒక ప్రయోగంలో తేలింది.

ఆట మొదలుపెట్టే ముందు రోజు ప్రతి పిల్లవాడికీ ఒక చివర సున్నా, మరో చివర పది రాసిన ఖాళీ గీత ఇచ్చి, ఏడు ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టమనండి. ఆ కాగితాన్ని దాచి, రెండు వారాల తరువాత కొత్త గీత మీద మళ్లీ అడిగి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గుర్తు సరైన చోటికి జరగని పిల్లవాడి పక్కన కూర్చుని ఒక్క ఆట ఆడితే, అతడు ఇంకా "ఒకటి, రెండు" అంటూనే గింజను జరుపుతున్నాడేమో తెలుస్తుంది.