బ్రోకర్ లేకుండా బెంగళూరులో ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడండి

ఆషాఢం అయిపోగానే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ల రిజిస్ట్రేషన్లు మొదలవుతాయి. కమిషన్ మిగులుతుంది సరే, తనిఖీ మాత్రం మీ నెత్తినే.

- ఒరిజినల్ సేల్ డీడ్ కళ్లారా చూడకుండా టోకెన్ కూడా ఇవ్వకండి. అది బ్యాంకులో తాకట్టులో ఉంటే ఒక్కోసారి ఈసీలో (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కనిపించదు. ఓనర్ ఎంత మంచాయనైనా, "బీరువా తాళం ఊళ్లో ఉందండీ" అని కలర్ జిరాక్స్ చేతిలో పెడితే కాఫీ తాగి వచ్చేయండి.

- పిత్రార్జితమైతే అక్కచెల్లెళ్ల సంతకాలూ కావాలి. హిందూ వారసత్వ చట్టం 2005 సవరణతో వాళ్లకీ సమాన వాటా వచ్చింది, "కట్నం ఇచ్చేశాం" అంటే కోర్టులో చెల్లదు.

- ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు) లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. బీ ఖాతా (అనుమతులు సరిగా లేని ఆస్తులకిచ్చేది) అయితే చాలా బ్యాంకులు లోన్‌కి వెనకాడతాయి.

- ఈసీ అమ్మేవాళ్లిచ్చింది కాదు, కావేరి పోర్టల్‌లో (కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్) మీరే తీసుకోండి.

- ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటే (మనలో ఇది మామూలేగా) ఈ 1 శాతం లెక్క పనికిరాదు, చాలా ఎక్కువ పట్టాలి, ముందే సీఏని అడగండి.