మనసు బాగోలేనప్పుడు పెట్టుకున్న లక్ష్యాలు ఎందుకు నిలవడం లేదు? సమస్యలు - పరిష్కారాలు

దిగులుగా ఉన్నవాళ్లకు చుట్టుపక్కలవాళ్లు చెప్పే మొదటి మాట, "ఏదో ఒక పనిలో పడు, అదే సర్దుకుంటుంది" అని. ఈ సలహా తప్పు కాదు. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ డిప్రెషన్‌ను దాదాపు ఇలాగే వివరించారు. మనసు కుంగితే పనులు తగ్గుతాయి. పనులు తగ్గితే వాటి వల్ల దొరికే చిన్న చిన్న సంతోషాలూ పోతాయి, దాంతో మనసు ఇంకా కుంగుతుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స పని వైపు నుంచి ఈ చక్రాన్ని వెనక్కి తిప్పడానికి ప్రయత్నిస్తుంది. అయితే ఆ పని ఎంత చిన్నదిగా ఉండాలో మనకు ఎవరూ చెప్పరు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

సమస్య: "ఉగాదికో, జనవరి ఒకటికో గట్టిగా మొదలుపెడతాను. మూడునాళ్ల ముచ్చటే అవుతుంది."

కారణం: మనసు కాస్త తేలికగా ఉన్న రోజున లక్ష్యం పెట్టుకుంటాం. దాన్ని నిద్ర పట్టని రాత్రి తర్వాత, ఒళ్లు బరువుగా ఉన్న పొద్దున చేయాల్సి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అంచనాలే తప్పుతాయి. 1994లో అచ్చయిన ఒక కెనడా అధ్యయనంలో, థీసిస్ ముగించడానికి సగటున 34 రోజులు పడుతుందని విద్యార్థులు అనుకున్నారు. పట్టింది 55 రోజులు. అలాంటిది, సగం శక్తి దిగులుకే పోతున్న మనిషి "రేపటి నుంచి గంట వాకింగ్, ఎనిమిది గంటల చదువు" అనుకుంటే అది కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందులో బద్ధకం లేదు, చేతకానితనం అసలే లేదు.

ఏం చేయాలి: ఈ నెలలో మీకు అన్నిటికంటే కష్టంగా గడిచిన రోజును గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు కూడా చేయగలిగేంత పనే మీ లక్ష్యం. గంట నడక బదులు చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి రావడం. స్నానం చేసే ఓపిక లేకపోతే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవడం. గ్రూప్స్‌కు చదివేవాళ్లయితే పుస్తకం తెరిచి ఒక్క పేజీ. ఓపికున్న రోజు పది పేజీలు చదవండి, మంచిదే. కానీ మర్నాటి లక్ష్యం మళ్లీ ఒక్క పేజీయే. వారం పాటు ఇబ్బంది లేకుండా సాగాక కొంచెం పెంచండి. "ఇంత చిన్న పని కూడా ఒక పనేనా" అని సిగ్గుగా అనిపిస్తుంది. అయినా తగ్గించండి.

సమస్య: "ఏం చేయాలో తెలుసు, చేయబుద్ధి కాదు."

చేయబుద్ధి అయ్యేదాకా ఎదురుచూడటమే ఇక్కడ చిక్కు. డిప్రెషన్‌లో చాలాసార్లు ముందు పని జరుగుతుంది, మనసు ఆ తర్వాత కదులుతుంది. రెండో చిక్కు, ఎప్పుడు ఎక్కడ చేయాలన్నది ఖాయం కాకపోవడం. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్ట్ పరిశోధనలు, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లకు పని జరిగే అవకాశం పెరుగుతుందని చూపాయి. కాబట్టి "రోజూ ఎండలో కాసేపు ఉంటాను" అనుకుని వదిలేయకండి. "పొద్దున టీ తాగిన గ్లాసు కడిగి పెట్టగానే డాబా మీదికి వెళ్లి ఐదు నిమిషాలు నిలబడతాను" అని కాగితం మీద రాసి వంటింట్లో అంటించండి. అప్పటికప్పుడు ఆలోచించాల్సిన భారం తగ్గుతుంది.

సమస్య: "ఒక్క రోజు తప్పితే ఇక మొత్తం వదిలేస్తాను."

మాల వేసుకుని 41 రోజులు దీక్ష చేసే అలవాటు మనకు ఇంట్లోనే ఉంది. నియమం తప్పితే దీక్షకు భంగమన్న భయం అక్కడిది. ఆరోగ్యం కోసం పెట్టుకున్న అలవాటుకు ఆ భయం అక్కర్లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిపై చేసిన అధ్యయనంలో, ఒక అలవాటు స్థిరపడటానికి కొందరికి 18 రోజులే పట్టేలా ఉంటే, ఇంకొందరికి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. తప్పిన మర్నాడు ఏం చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి: మామూలు లక్ష్యమే, బాకీ తీర్చాల్సిన పని లేదు. నిన్నటి పేజీని కూడా ఇవాళే చదవాలనుకుంటే లక్ష్యం మళ్లీ కొండంత అవుతుంది.

సమస్య: "పని చేస్తున్నాను, కానీ సంతోషమేమీ లేదు."

ఆనందం మొద్దుబారడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. అది ఆలస్యంగానే తిరిగొస్తుంది. మీ లక్ష్యాలన్నీ బాధ్యతలే అయితే ఒకటి తీసేసి, ఒకప్పుడు ఇష్టపడిన పనిని పెట్టండి. పాత పాటలు వినడమో, మొక్కలకు నీళ్లు పోయడమో ఏదైనా సరే.

సమస్య: "తెల్లారి లేచింది మొదలు పనే. ఇంకా లక్ష్యాలు ఎక్కడ పెట్టుకోను?"

ఇల్లు, పిల్లలు, అత్తమామలు, ఉద్యోగం అన్నీ మోసే ఆడవాళ్లు ఈ మాట అంటారు. వాళ్లకు ఇంకో పని చేర్చడం అన్యాయం. ఇక్కడ ఒక పనిని తీసేయడమే లక్ష్యం కావాలి. రాత్రి అంట్లు పొద్దుటికి వదిలేయడం, వారానికి రెండు రోజులు టిఫిన్ బాధ్యత భర్తకు అప్పగించడం, మధ్యాహ్నం పావుగంట ఫోన్ పక్కన పెట్టి పడుకోవడం. ఇంట్లో మాట పడాల్సి వస్తుందనిపిస్తే ముందు ఒక్కరితో చెప్పండి: "అక్కా, నాకు మనసు బాగోలేదు. ఈ వారం కొన్ని పనులు తగ్గించుకుంటాను. నువ్వు కాస్త నా పక్కన ఉండు." ఇంట్లోవాళ్లకు నా విన్నపం ఒక్కటే: "ఇంతేనా?" అనకండి, పక్కింటివాళ్లతో పోల్చకండి.

సమస్య: "ఎంత తగ్గించినా చేయలేకపోతున్నాను."

ఇది లక్ష్యంలో లోపం కాకపోవచ్చు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో, ఆకలిలో మార్పు ఉంటే డాక్టరును కలవాలి. థైరాయిడ్ హార్మోన్ తగ్గడం, రక్తహీనత వల్ల కూడా ఇలాంటి నీరసం వస్తుంది కాబట్టి రక్తపరీక్షలు అవసరమేమో అడగండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు. ఇప్పుడే ఎవరినైనా పక్కన కూర్చోమని, ఆ నంబరుకు ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ఏం మాట్లాడాలో తోచకపోతే "నాకు బతకాలని లేదు, సాయం కావాలి" అన్నా చాలు. ఫోన్ పట్టుకునే ఓపిక కూడా లేకపోతే పక్కనున్నవాళ్లను చేయమనండి.