డెల్టాకు వచ్చి స్థిరపడే దంపతులకు: ఇద్దరికీ కొత్తదైన పనితో మొదలుపెట్టండి

విదేశాల్లో ఏళ్ల తరబడి ఉండి గోదావరి డెల్టాకు వచ్చి స్థిరపడే దంపతుల్లో సాధారణంగా ఒకరికి ఇది పుట్టి పెరిగిన ఊరు, మరొకరికి పేరు మాత్రమే తెలిసిన చోటు. సొంతూరివారు వచ్చిన వారానికే బంధువుల పలకరింపుల్లో మునిగిపోతే, రెండోవారు అత్తవారింటి వసారాలో కూర్చుని పొద్దుపుచ్చవలసి వస్తుంది. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అందుకే, ఇద్దరిలో ఎవరికీ చేతకాని పనిని ఒకటి ఎంచుకుని, దాన్ని ఇద్దరూ కలిసి నేర్చుకోవాలని నా గట్టి సలహా.

మాకు ఆ పని ఆత్రేయపురంలో దొరికింది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నానబెట్టిన బియ్యాన్ని రుబ్బి, పలుచగా కలిపిన పిండిలో గుడ్డను ముంచి, బోర్లించిన కుండ మీదుగా ఒక్కసారి లాగితే, ఆ వేడికి రేకు క్షణాల్లో ఆరి పైకి లేస్తుంది. లోపల ఎండుటాకుల మంట ఒకే తీరుగా ఉండాలి. ఎక్కువైతే రేకు మాడిపోతుంది. ఒకరు మంట చూసుకుంటే మరొకరు గుడ్డ లాగవచ్చు కనుక, దంపతులకు ఇంతకంటే తగిన పని లేదని నా అభిప్రాయం. మొదటి రోజు మేము తీసిన రేకుల్లో చిరగనిది ఒక్కటీ లేదు. నేర్పిన పెద్దావిడ మాత్రం "పర్లేదండి, చెయ్యి తిరుగుద్ది" అంటూ ఆ ముక్కలకే నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, చుట్టి మా చేతుల్లో పెట్టారు. అయితే వారికి ఇది జీవనోపాధి అని మరువకూడదు. మీరు కుండ దగ్గర కూర్చున్న పూట వారి పని ఆగిపోతుంది కనుక, సరుకుల ఖర్చుతో పాటు ఆ పూట కూలిని కూడా ముందే మాట్లాడుకుని ఇవ్వండి.

వంట మీద ఆసక్తి లేనివారికి నరసాపురం వైపు లేసు అల్లికలు, కడియం నర్సరీల్లో అంట్లు కట్టడం, చలికాలంలో కోరింగ మడ అడవుల్లో పక్షులను చూడడం ఉన్నాయి.

ఊరివారితో కలవడానికి అదను తెలియాలి. సార్వా ఊడ్పుల్లోనూ, కోతల్లోనూ ఎవరికీ తీరిక ఉండదు. సంక్రాంతి ముందు రోజులు మాత్రం కొత్తవారికి ఎంతో అనుకూలం. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆయా ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద (వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన అలంకారాల మీద) తరలివస్తారు; వాటిలో గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక అనే ఏటి నీటిలో దిగి మరీ దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో కనిపించినది ఈ ప్రభల తీర్థమే. ప్రభను భుజాన మోయడం అలవాటున్నవారి పని. మీరు ఊరి పెద్దలను అడిగి, ముందుగానే వెళ్లి, వెదురు కట్టేచోట, రంగు గుడ్డలు చుట్టేచోట ఓ చెయ్యి వేయండి. తీర్థం నాడు వెళ్లి ఫొటోలు తీసుకున్నంత మాత్రాన పరిచయాలు కలగవు.

సాయంత్రాలు కాలువ గట్టు మీద ఇద్దరూ కలిసి నడవండి. నీరు నిదానంగా కనిపించినా, లోతు తెలియని చోట ఈతకు దిగవద్దు. దారిలో ఎదురైనవారు "ఎవరి తాలూకండి?" అని తప్పక అడుగుతారు, దాన్ని ఆరాగా భావించి నొచ్చుకోకండి. ఇంటిపేరుతో పాటు మీరిద్దరూ నేర్చుకుంటున్న పనిని కూడా చెప్పండి. ఆ పని బాగా తెలిసినవారి ఇంటికి దారి వారే చూపిస్తారు.