కొలంబో నుంచి మాలేకి ఫ్లైట్‌లో ఎంత దూరం, ఎంత టైమ్? మీరే లెక్కేసుకోండిలా

హైదరాబాద్ నుంచి కొలంబో మీదుగా మాల్దీవుల రాజధాని మాలేకి వెళ్ళేవాళ్ళకి ఈ లెక్క బాగా పనికొస్తుంది, ఎందుకంటే టికెట్ మీద ఉన్న టైములు చూస్తే వెళ్ళేటప్పుడు గంట, వచ్చేటప్పుడు రెండు గంటలు అన్నట్టు కనిపిస్తుంది, దారి మాత్రం ఒకటే.

ముందు గూగుల్ మ్యాప్స్‌లో రెండు ఎయిర్‌పోర్టుల మీద వేలు నొక్కి పట్టుకోండి, అక్షాంశం, రేఖాంశం నంబర్లు వస్తాయి. కొలంబో బండారనాయకేకి 7.18, 79.88. మాలే వెలానాకి 4.19, 73.53.

ఇప్పుడు తేడాలు తీయండి. అక్షాంశాల తేడా 2.99, రేఖాంశాల తేడా 6.35. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి ఆ 6.35ని రెండు ఊళ్ళ సగటు అక్షాంశం, అంటే దాదాపు 5.7 డిగ్రీల కాస్ (కొసైన్, కాలిక్యులేటర్‌లో cos బటన్) విలువతో గుణించాలి. కాస్ 5.7 అంటే 0.995. మీ ఫోన్‌లో 0.83 వచ్చిందంటే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందని అర్థం, డిగ్రీలకి మార్చండి. గుణిస్తే 6.32 వస్తుంది.

ఇక మిగిలింది స్కూల్లో చదివిన పైథాగరస్సే. 2.99 వర్గం, 6.32 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 6.99 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు (విమానాలు, ఓడల దూరాలకి వాడే కొలత, ఒక్కోటి దాదాపు 1.85 కిలోమీటర్లు), అంటే దాదాపు 420, కిలోమీటర్లలో 777. ఇంత చిన్న దూరానికి, అదీ భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో ఈ లెక్క సరిపోతుంది, ఖండాలు దాటే ఫ్లైట్లకి మాత్రం భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే గ్రేట్ సర్కిల్ పద్ధతే వాడాలి.

టైమ్ దగ్గరే చాలామంది తప్పు లెక్కేస్తారు. గంటకి 800 కిలోమీటర్ల స్పీడ్ అనుకుంటే 777కి 58 నిమిషాలు, కానీ ఆ స్పీడ్ పైకి వెళ్ళాకే, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు స్లోగానే పోతుంది, రన్‌వే దాకా నేలమీద నడిచే టైమ్ కూడా ఉంటుంది, అందుకే ఇంకో అరగంట కలపండి. మొత్తం దాదాపు గంటన్నర. గాలిని బట్టి కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

ఆఖరుగా గడియారం. శ్రీలంకది మన టైమే, మాలే అరగంట వెనక. కొలంబోలో ఉదయం 7కి బయల్దేరితే మాలేలో 8కి దిగుతారు. అదే మాలేలో 9కి ఎక్కితే కొలంబోలో 11 అవుతుంది. పైన చెప్పిన గంట, రెండు గంటల తేడా ఇదే.

ఇదంతా ఎందుకంటే దూరంగా ఉన్న రిసార్టులకి సీప్లేన్‌లో, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి, అవి పగలు మాత్రమే తిరుగుతాయి. మధ్యాహ్నం మూడు, మూడున్నర లోపు మాలేలో దిగమని రిసార్టులు సాధారణంగా చెప్తాయి, అది దాటితే ఆ రాత్రి మాలే చుట్టుపక్కలే రూమ్ తీసుకోవాలి, ఆ ఖర్చు తక్కువేం కాదు. కాబట్టి కొలంబోలో మధ్యాహ్నం 2 లోపు ఎక్కే ఫ్లైట్ చూసుకోండి, ఇంకా పొద్దున్నే అయితే మరీ మంచిది. ఇంకో మాట, కొన్ని రిసార్టులు మాలే కంటే గంట ముందుండే సొంత టైమ్ పెట్టుకుంటాయి, తిరుగు ప్రయాణం రోజు సీప్లేన్ ఎన్నింటికో చెప్పినప్పుడు అది మాలే టైమా, రిసార్ట్ టైమా అని తప్పకుండా అడగండి.