బీటెక్‌లో లెక్కల పేపరు మళ్లీ మళ్లీ పోతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంటర్‌లో ఎంపీసీ మంచి మార్కులతో పూర్తిచేసి, ఈఏపీసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి మొదటి ఏడాది లెక్కల పేపరు పోవడం, సప్లీలోనూ (తప్పినవారికి మళ్లీ పెట్టే పరీక్షలోనూ) అదే పేపరు పోవడం, రెండో ఏడాదిలో దాని మీద ఆధారపడిన సబ్జెక్టులు ఒకదాని వెంట ఒకటి మిగిలిపోవడం మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రతి సంవత్సరం చూస్తున్నదే. అలాంటి విద్యార్థికి సాయపడవలసిన మెంటర్లు, అధ్యాపకులు, సీనియర్లు, ఇంట్లో లెక్కలు చెప్పగలిగిన అన్నలు, అక్కల కోసం ఇది రాస్తున్నాను. సబ్జెక్టు మీకు వచ్చుననే ఉద్దేశంతో దాని జోలికి వెళ్లడం లేదు.

ముందుగా చూడవలసినవి

మొదట మార్కుల మెమో తెప్పించుకుని, పోయిన మార్కులు ఇంటర్నల్స్‌లో (సెమిస్టర్ మధ్యలో కళాశాలే పెట్టే పరీక్షల్లో) పోయాయా, ఎక్స్‌టర్నల్‌లో (విశ్వవిద్యాలయం పెట్టే చివరి పరీక్షలో) పోయాయా చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-22 (2022లో చేరినవారి నుంచి వర్తించిన) నిబంధనల ప్రకారం ఇంటర్నల్స్‌కు 40, ఎక్స్‌టర్నల్‌కు 60 మార్కులు. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, మొత్తం మీద కనీసం 40 రావాలి. అందువల్ల ఇంటర్నల్స్‌లో 36 తెచ్చుకున్న విద్యార్థి ఎక్స్‌టర్నల్‌లో 18 దగ్గర ఆగిపోతే, మొత్తం 54 ఉన్నా తప్పినట్టే. ఆ తర్వాత హాజరు చూడండి. 75 శాతానికి తగ్గితే కండోనేషన్ (ఆ లోటును మన్నించమని అనుమతి తెచ్చుకోవడం), 65 శాతానికీ తగ్గితే డిటెన్షన్ (పరీక్ష రాయనివ్వకుండా ఆపేయడం). తరగతిలోనే లేని విద్యార్థి విషయంలో లోతైన కారణాలు వెదకడం వృథా.

ఇవి రెండూ సరిగ్గా ఉంటే, అసలు చేయవలసిన పరీక్ష ఒక్కటే. పుస్తకం మూయించి, ఫోను పక్కన పెట్టించి, తెల్ల కాగితం ఇచ్చి, మీ ఎదుట ఒక లెక్కను మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి వరకు చేయించండి. చేస్తున్నంతసేపూ మీరు నోరు విప్పకూడదు. పది నిమిషాలు పట్టే ఈ పనిని దాదాపు ఎవరూ చేయరు, దానికి బదులు "ఎక్కడ అర్థం కావడం లేదు?" అని అడిగి, "అన్నీ అర్థమవుతున్నాయి సార్, పరీక్షలోనే రాయలేకపోతున్నాను" అన్న జవాబు విని, బాగా ప్రాక్టీస్ చేయమని చెప్పి పంపేస్తారు. తనకు ఎక్కడ తప్పుతున్నదో విద్యార్థికి తెలిసి ఉంటే మీ దగ్గరకు వచ్చే అవసరమే ఉండదు కదా.

లక్షణం: లెక్క మొదలే పెట్టలేకపోవడం

కారణం సాధారణంగా తేలికైనదే. విద్యార్థి సాధించిన లెక్కలను చదువుతున్నాడు, వీడియోల్లో చూస్తున్నాడు, కానీ చేతితో చేయడం లేదు. ఎదుట పరిష్కారం ఉన్నప్పుడు ప్రతి పంక్తీ సహజంగానే కనిపిస్తుంది. పరిష్కారం ఒకసారి చూసి, మూసివేసి, అరగంట తర్వాత ఖాళీ కాగితం మీద రాయడం అలవాటు చేస్తే చాలామంది రెండు మూడు వారాల్లో తేరుకుంటారు. ఇంతకు మించి దీని గురించి చెప్పవలసింది లేదు.

లక్షణం: పద్ధతి సరిగ్గానే మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో తప్పి, జవాబు రాకపోవడం

అందరినీ తప్పుదారి పట్టించే లక్షణం ఇదే. విద్యార్థికి సూత్రం తెలుసు, ఏ పద్ధతి వాడాలో తెలుసు, మొదటి రెండు మూడు పంక్తులు చక్కగా రాస్తాడు. నాలుగో పంక్తిలో పట్టు తప్పుతుంది. చూసినవాళ్లు అజాగ్రత్త అనో, తొందరపాటు అనో తేల్చేస్తారు. అదే యూనిట్‌ను మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తారు, లేదా ట్యూషన్ పెట్టిస్తారు. మళ్లీ అదే నాలుగో పంక్తిలో పోతుంది, ఎందుకంటే లోపం ఆ యూనిట్‌లో లేదు. ఎనిమిదో తరగతికీ పదో తరగతికీ మధ్య ఎక్కడో ఉంది.

ఆ లోపం ఎలా ఉంటుందో కాగితం మీద చూస్తేనే నమ్మకం కలుగుతుంది. వర్గమూలం గుర్తు కింద 9, 16 కూడికగా ఉంటే, దాన్ని 3, 4 గా విడదీసి 7 అని రాస్తారు, రావలసింది 5. హారంలో రెండు పదాల మొత్తం ఉంటే భిన్నాన్ని రెండు భిన్నాలుగా చీల్చేస్తారు. అంటే 1/(2+3) ను 1/2 + 1/3 గా మారుస్తారు, మొదటిది 1/5, రెండోది 5/6 అయినా. లాగ్ 2 కు లాగ్ 3 కలిపితే లాగ్ 5 అంటారు. అది లాగ్ 6. సైన్ లోపల రెండు కోణాలు కలిసి ఉంటే విడివిడిగా సైన్‌లు తీసి కలుపుతారు. ఇవి నాలుగు వేర్వేరు తప్పులుగా కనిపిస్తాయి కానీ నిజానికి ఒక్కటే తప్పు: ఏ గుర్తునైనా కూడిక మీద పంచిపెట్టవచ్చుననే నమ్మకం. ఆ నమ్మకం బయటపెట్టి ప్రశ్నించేవారు లేకపోవడంతో, విద్యార్థి దాన్ని ఒక నియమంలాగే వెంట తెచ్చుకుని బీటెక్ వరకు వచ్చాడు.

మరి ఇంటర్‌లో, ఎంట్రన్సులో ఇది ఎందుకు బయటపడలేదు? ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, అందులో 80 గణితం, మొత్తం సమయం మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నకు నిమిషం పైచిలుకు మాత్రమే దొరికే పరీక్షలో, ఇచ్చిన నాలుగు జవాబుల్లో అనువైన సంఖ్యలు ప్రతిక్షేపించి సరిపోని మూడింటిని కొట్టివేయడమే తెలివైన పని. కోచింగుల్లో నేర్పేదీ అదే. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో వివరంగా రాయవలసి ఉన్నా, తప్పకుండా వస్తాయని పేరుపడ్డ ప్రశ్నలను జవాబులతో సహా కంఠస్థం చేసి గట్టెక్కవచ్చు. ఈ రెండు పరీక్షలూ ఆ లోపాన్ని తాకకుండానే దాటిపోతాయి. పైగా వాటిలో వచ్చిన మార్కులు చూసి అధ్యాపకుడూ, తల్లిదండ్రులూ, చివరకు విద్యార్థీ కూడా "లెక్కల పునాది బాగానే ఉంది" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు కాబట్టి, మొట్టమొదట వెదకవలసిన చోట చిట్టచివర వెదుకుతారు. బేస్‌మెంట్‌లో పగులు ఉంచుకుని మూడో అంతస్తు గోడకు ఎన్నిసార్లు సిమెంటు పూసినా ఫలితం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

ఇంజనీరింగులో ఈ లోపం మరింత తెలివిగా దాక్కుంటుంది. లాప్లాస్ ట్రాన్స్‌ఫారమ్‌ను (ఒక ప్రమేయాన్ని తేలిగ్గా సాధించదగిన మరో ప్రమేయంగా మార్చే పద్ధతిని) తీసుకోండి. రెండు ప్రమేయాల మొత్తానికి ట్రాన్స్‌ఫారమ్ తీస్తే అది నిజంగానే విడివిడి ట్రాన్స్‌ఫారమ్‌ల మొత్తం అవుతుంది. అంటే విద్యార్థి తప్పుడు నమ్మకం ఇక్కడ సరైన జవాబునే ఇస్తుంది, నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది. తర్వాత లబ్ధం వస్తుంది. దాన్ని కూడా అదే ఊపులో విడదీస్తాడు, కన్వల్యూషన్ (లబ్ధం వచ్చినచోట వాడే ప్రత్యేక సమాకలన పద్ధతి) ఎందుకు వచ్చిందో అతనికి అంతుపట్టదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) విద్యార్థికి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఆ సబ్జెక్టు మొదట్లోనే ఒక వ్యవస్థ లీనియర్ (స్థూలంగా, రెండింటిని కలిపి ఇచ్చినా, విడివిడిగా ఇచ్చి ఫలితాలు కలిపినా ఒకటే వచ్చేది) అవునా కాదా అని పరీక్షించమంటారు. ప్రపంచంలో ప్రతిదీ లీనియరే అని లోలోపల నమ్మే మనిషికి ఆ ప్రశ్నే అర్థం కాదు. నిర్వచనం అప్పజెబుతాడు, లెక్క మాత్రం తప్పుతాడు.

పరిష్కారం విషయానికి వస్తే, మొదట లోపం ఎక్కడుందో తేల్చాలి. భిన్నాల కూడిక, ఘాతాంకాలు, మైనస్ గుర్తుతో బ్రాకెట్ విప్పడం, కారణాంకాలు, లాగరిథమ్స్, సూత్రంలో ఒక చరరాశిని ఒంటరిగా ఎడమవైపుకు తేవడం, రుణసంఖ్య వర్గం, త్రికోణమితి ప్రాథమిక విలువలు, పార్షియల్ ఫ్రాక్షన్స్ (ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా రాయడం): వీటి మీద పది పన్నెండు చిన్న ప్రశ్నలు, ఆప్షన్లు లేకుండా, క్యాల్‌క్యులేటర్ లేకుండా, ఒంటరిగా కూర్చోబెట్టి చేయించండి. మార్కులు వేయకండి. ఎన్ని తప్పులు అన్నది అనవసరం, ఏ తప్పు రెండుసార్లు వచ్చిందో అదే ముఖ్యం. ఒకసారి వచ్చినది అజాగ్రత్త కావచ్చు, రెండు వేర్వేరు ప్రశ్నల్లో ఒకే వేషంలో వచ్చినది నమ్మకం.

ఆ తప్పు దొరికాక, సరైన సూత్రం చెప్పి వల్లె వేయించడం పనిచేయదు; పాత నమ్మకం పక్కనే కొత్త సూత్రం కూర్చుంటుంది, పరీక్ష హాలులో పాతదే ముందుకు వస్తుంది. విద్యార్థి రాసిన తప్పుడు సమీకరణంలోనే చిన్న సంఖ్యలు పెట్టించి, రెండువైపులా విలువ కట్టించి, అది తప్పని అతని చేతనే చూపించాలి. అనుమానం వచ్చిన ప్రతిచోటా సంఖ్య పెట్టి చూసే అలవాటు ఒకటి పట్టుబడితే, మీరు పక్కన లేకపోయినా తన తప్పును తానే పట్టుకుంటాడు. ఎంట్రన్సు కోసం నేర్చిన ప్రతిక్షేపణ విద్య ఇక్కడ పనికివస్తుంది కాబట్టి దాన్ని తిట్టిపోయనక్కర లేదు. రోజుకు ఒక్క లోపం, పావుగంట, అంతకంటే వద్దు. అయితే అదే రోజు, అదే లోపం తగిలే ప్రస్తుత సిలబస్ లెక్క ఒకటి తప్పకుండా చేయించాలి. పార్షియల్ ఫ్రాక్షన్స్ సరిచేసిన రోజు ఇన్వర్స్ లాప్లాస్ లెక్క, లాగరిథమ్స్ సరిచేసిన రోజు డెసిబెల్ (లాగరిథమ్‌తో కట్టే కొలమానం) లెక్క. ఈ లంకె వేయకపోతే పదో తరగతి లెక్కలు మాత్రమే బాగుపడతాయి, పోయిన పేపరు పోయినట్టే ఉంటుంది.

ఇంకొక సంగతి మరవకూడదు. హాస్టల్ గదిలో బీటెక్ విద్యార్థి బల్ల మీద పదో తరగతి పుస్తకం ఉంటే తోటివాళ్లు ఊరుకోరు, అతనూ తెరవడు. పుస్తకం ఇవ్వకండి, కాగితాల మీద లెక్కలు రాసి ఇవ్వండి. "రెమిడియల్ క్లాస్" అని నోటీసు బోర్డులో పేర్లు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రీస్‌మన్ 1970ల్లో క్యాల్‌క్యులస్‌లో వెనుకబడుతున్న నల్లజాతి విద్యార్థుల చదువు తీరును గమనించినప్పుడు, వాళ్లు ఎక్కువగా ఒంటరిగా చదువుతున్నారనీ, బాగా రాణిస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు జట్టుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారనీ తేలింది. ఆయన నడిపిన వర్క్‌షాపుల్లో తేలిక లెక్కలకు బదులు కఠినమైన లెక్కలే ఇచ్చి జట్టుగా చేయించారు. మన దగ్గర కూడా నలుగురిని కలిపి కూర్చోబెట్టి, అందులో ఇద్దరు బాగా చేసేవాళ్లు ఉండేట్టు చూసి, ప్రస్తుత సిలబస్‌లోని గట్టి లెక్కలే ఇస్తే, ఎవరూ సిగ్గుపడే పని లేకుండా అడుగున ఉన్న లోపాలు వాటంతట అవే పైకి వస్తాయి.

ఇలాంటి లోటు ఉంటుందని ఒప్పుకున్న కోర్సులు ఉన్నాయి. బీఫార్మసీలో బైపీసీ నుంచి వచ్చినవారికి మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ ఉంటుంది, అది పార్షియల్ ఫ్రాక్షన్స్, లాగరిథమ్స్‌తోనే మొదలవుతుంది. ఎంపీసీ చదివినవారికి అవి వచ్చే ఉంటాయని బీటెక్ అనుకుంటుంది.

లక్షణం: సీ ప్రోగ్రామ్ చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాదు

ల్యాబ్ మాన్యువల్‌లోని ప్రోగ్రామ్‌ను టైపు చేసి, అవుట్‌పుట్ చూపించి, రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకున్న విద్యార్థి ప్రోగ్రామింగ్ చేసినట్టు కాదు. కంప్యూటర్ ఆపించి, సంఖ్యను తిరగేసే ప్రోగ్రామ్‌ను 347 తో కాగితం మీద నడిపించండి: ఒక్కొక్క చుట్టులో 10 తో భాగిస్తే శేషం ఎంత, భాగఫలం ఎంత, ఫలితం ఎంతకు చేరింది అని పట్టికగా రాయమనండి. శేషం 7, భాగఫలం 34 అని వెంటనే రాయలేకపోతే, అది సీ లాంగ్వేజ్ సమస్య కాదు, పైన చెప్పిన బడి నాటి లోపమే మరో రూపంలో వచ్చింది. పట్టిక సరిగ్గా రాసినా సొంతంగా ప్రోగ్రామ్ రాయలేకపోతే, కొన్ని వారాలు ప్రతి ప్రోగ్రామ్‌కూ కీబోర్డు ముట్టుకోకముందే ఆ పట్టిక రాయించండి.

లక్షణం: ప్రశ్నే అర్థం కాకపోవడం

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి వెనుకబడితే నెపం వెంటనే ఇంగ్లీషు మీదకు పోతుంది. అది నిజమో కాదో తేల్చడం సులువు: అదే లెక్కను తెలుగులో చెప్పి చేయమనండి. చేస్తే భాషే అడ్డం. చేయలేకపోతే భాష మీద నెట్టకండి, పై పరీక్షలు పెట్టండి. భాషే అడ్డమైతే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాన్నీ ఇంగ్లీషు మాధ్యమం పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని అధ్యాయానికి ఒక పదాల పట్టిక తయారు చేసుకోమనండి. పాత ప్రశ్నపత్రాల్లో పదేపదే వచ్చే ప్రూవ్, డిరైవ్, ఎవాల్యుయేట్, వెరిఫై వంటి మాటలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ఒక్కొక్క మాటకు ఎలాంటి జవాబు ఆశిస్తారో తెలిస్తే సగం భయం పోతుంది.

డిప్లొమా చేసి ఈసెట్ (డిప్లొమా వారికి పెట్టే ప్రవేశ పరీక్ష) ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరినవారిది వేరే సంగతి. వాళ్లు మొదటి ఏడాది బీటెక్ గణితం చదవలేదు, కానీ రెండో ఏడాది సబ్జెక్టులు దాన్ని చదివినట్టే భావించి సాగుతాయి. ల్యాబ్‌లో అందరికన్నా చురుగ్గా ఉండి థియరీలో తడబడే విద్యార్థి కనిపిస్తే, ఎలా చేరావని ముందు అడగండి. మొదటి సంవత్సరం నోట్సు ఇప్పించి, అవసరమైన యూనిట్లు మాత్రమే గుర్తుపెట్టి ఇస్తే చాలామంది తమంతట తామే పూడ్చుకుంటారు.

అరుదైనవి

జ్ఞాపకశక్తి లేదు, బ్రాంచి నప్పలేదు, ల్యాప్‌టాప్ పాతది, ఫలానా సారు మార్కులు వేయరు: ఇవి కారణాలుగా తేలడం బహు అరుదు. ఖాళీ కాగితం పరీక్ష పెట్టకుండా వీటిని నమ్మవద్దు. ఒక్క మినహాయింపు ఉంది. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, బతకాలని లేదనే మాటలు దొర్లడం కనిపిస్తే కాగితం, కలం పక్కన పెట్టండి. ఆ విద్యార్థిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లకు తెలియజేసి, కళాశాల కౌన్సెలర్‌ను గానీ, ప్రభుత్వ టెలీ-మానస్ ఉచిత నంబరు 14416 ను గానీ అదే రోజు సంప్రదించండి.